కుక్కకి గుండు, మావకి కొత్త కన్ను

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు తెలిస్తే మా ఆయన దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాడు. అయినా ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక్కడ జరిగిన తప్పులో సగం నా కోపానిది. మిగతా సగం మా అమ్మది. ఆవిడ వాటా సంగతి ఆవిడ వచ్చినప్పుడు చెప్తాను.

మా అత్తవారిది సాలూరు, పుట్టిల్లు పొందూరు. సాలూరులో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక డ్రైవరో, మెకానిక్కో, లారీ ఓనరో తలుపు తీస్తాడు. మా ఇంట్లో ఇద్దరున్నారు. మా ఆయన లారీలకి రంగులు వేస్తాడు. మా మావ, అంటే ఆయన తండ్రి, వయసంతా రాయపూర్ రోడ్డు మీద లారీ నడిపి, మోకాళ్ళు మొరాయించాక దిగిపోయాడు. ఆఖరి ట్రిప్పులో తిరిగొస్తూ, ఒక డాబా దగ్గర ఎవరో వద్దనుకున్న కుక్కపిల్లని తువ్వాల్లో చుట్టి, కేబిన్లో పక్కన పెట్టుకుని తెచ్చుకున్నాడు. అప్పటికే మా అత్త లేదు. నేను కాపరానికి వచ్చేసరికి ఆ ఇంటికి ఆడదిక్కు ఆ కుక్క ఒక్కతే.

పొమేరియన్ అంటారు ఆ జాతిని. పిల్లి కన్నా కాస్త పెద్దది, తెల్లటి తెలుపు, ఒళ్ళంతా జుత్తు. నిలబడి ఉంటే ముఖం ఎటుందో, తోక ఎటుందో తెలిసేది కాదు. మొరిగితే తెలిసేది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఎవరింటి భాగోతమో మా వీధి వీధంతా పోల్చుకుంటుంది.

మావకి అదంటే ప్రాణం. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, స్టీలు దువ్వెనతో దాన్ని తోక నుంచి చెవుల దాకా దువ్వేవాడు. తరవాత ఇద్దరూ కలిసి లారీ స్టాండు దగ్గర టీ కొట్టుకి వెళ్ళేవారు. అక్కడ డ్రైవర్లు ఆటపట్టించేవారట, "మావా, ఏ సబ్బేటి రాస్తన్నావు, ఇలగ మెరిసిపోతన్నాది" అని. "సబ్బు కాదురా, ఒరిజినల్ పెయింటింగు. మళ్ళీ వెయ్యక్కర్లేదు" అనేవాడు మావ. ఆ మాట ఇంటికొచ్చి నాకూ చెప్పి నవ్వేవాడు. నన్ను ఆయన పేరు పెట్టి పిలవడు. గుంటా అంటాడు. మా వేపు గుంట అంటే పిల్ల. నన్నలా పిలిచిన మొదటి మనిషి మా నాన్న. ఆయన పోయాక మళ్ళీ ఆ పిలుపు సాలూరులో విన్నాను. అందుకే మొదటి నెలలోనే మావ నాకు నచ్చేశాడు.

కుక్కే నచ్చలేదు. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. ఇంట్లో తెల్ల జుత్తు ఎగురుతూ ఉంటే నల్ల జాకెట్టు కుట్టడం ఎంత నరకమో మిషను తొక్కిన వాళ్ళకే తెలుస్తుంది. ఒకావిడ తన నల్ల పట్టు జాకెట్టు వేసుకుని పెళ్ళికి వెళ్ళి, తిరిగొచ్చి, లైనింగు లోంచి ఒక్కో వెంట్రుకా లాగి నా బల్ల మీద పెట్టింది. "మీ ఇంట్లో ఎవులికమ్మా ఇంత నెరిసిపోనాది" అని అడిగింది కూడాను. ఆవిడ వెళ్ళగానే అరుగు మీదికి వెళ్ళి మావ ముందు నిలబడి చెప్పాను: "మావా, ఏదో రోజు దీనికి గుండు గీయించి పారేస్తాను, సూడండి." మావ నవ్వాడు. అప్పుడు అది నవ్వే మాటే.

ఆ వేసవిలో మావకి కంటి ఆపరేషను పడింది. రెండు కళ్ళకీ శుక్లాలు. ముందు కుడి కన్ను చేసి, కొన్నాళ్ళు ఆగి ఎడమ కన్ను చేస్తామన్నారు. విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో మూడు వారాలు ఉండాలి. వెళ్ళే రోజు స్టీలు దువ్వెన నా చేతిలో పెట్టి, "పొద్దున్నొకపాలి, సాయంత్రమొకపాలి దువ్వు గుంటా. ఒక్క రోజు ఇడిసిపెట్టినా జడ కట్టెస్తాది" అన్నాడు. అలాగేనన్నాను.

పెళ్ళిళ్ళ సీజను. బల్ల మీద జాకెట్ల గుడ్డలు గుట్టగా పడి ఉన్నాయి. ఒక రోజు దువ్వలేదు. రెండో రోజు మర్చిపోయాను. వారం తిరిగేసరికి చెవుల వెనకా, చంకల కిందా జుత్తు ఉండలు కట్టింది. దువ్వెన పెడితే గుర్రుమంది. ఆ ఉండల కింద పిడుదులు కూడా కనిపించాయి. ఎండేమో పెనం మీద ఉన్నట్టుంది, అదేమో నాలుక వేలాడేసుకుని నా మిషను కింద, సరిగ్గా నల్ల గుడ్డ మీదే పడుకుని రొప్పుతోంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎంత గొప్ప ఆలోచనో చూడండి. చిన్నప్పుడు నాకు మూడుసార్లు గుండు గీయించారు. ప్రతిసారీ నేను వీధంతా వినపడేలా ఏడ్చాను. ప్రతిసారీ మా అమ్మ ఒకటే చెప్పింది, గీయిస్తే ఒత్తుగా వస్తాదని. నిజంగానే ఒత్తుగా వచ్చింది. నా జడ చూసి పెళ్ళిచూపుల్లో మా ఆయన ఇంకేమీ చూడలేదు. కాబట్టి కుక్కకి గీయిస్తే ఉండలు పోతాయి, పిడుదులు పోతాయి, ఎండ తగలదు, మావ వచ్చేసరికి పాతదాని కన్నా ఒత్తయిన కొత్త జుత్తు వస్తుంది. కొత్త కంటితో ఆయన మొదట చూసేది దాన్నే. అలా అనుకుని మురిసిపోయాను.

సందు చివర సెలూను ఆయన్ని ఇంటికి పిలిచాను. ఆయన కుక్కని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, నానెప్పుడూ కుక్కకి సెయ్యలేదు" అన్నాడు.

"పిల్లలకి సేసినారు కదా. అలాగే సెయ్యండి. గట్టిగా పట్టుకుంటాను" అన్నాను.

జుత్తు తీసే మిషనుతో చర్మం దాకా గీసేశాడు. పాపం అది అరవలేదు, కరవలేదు. నా మోచేతిలో ముఖం దాచుకుంది. జుత్తంతా పోయాక మిగిలింది చూస్తే, ఇంతేనా అనిపించింది. గులాబీ రంగు ఒళ్ళు, కర్రల్లాంటి కాళ్ళు, తోక చివర కుచ్చు. గుండు చేశాక చల్లగా ఉండాలి కదా, గంధం అరగదీసి వీపంతా పూశాను. మా ఆయన సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "ఏ కొండకి ఎల్లొచ్చినాదే ఇది?" అన్నాడు. తరవాత నవ్వు ఆపి, "నాన్న ఏటంటాడో" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మావ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆటో దిగాడు. కుక్క ఉరికింది. ఆయన వంగి, అద్దాలు తీసి, కొత్త కంటితో దాన్ని చూశాడు. ఆ పొద్దున్న మళ్ళీ పూసిన గంధం ఎండి పొలుసులు కట్టిన బోడి వీపు. అది ఆయన కాళ్ళ చుట్టూ తిరుగుతూ ఉంటే, చెయ్యి దాని వీపు మీద పెట్టి, వెంటనే తీసేశాడు. నా వేపు చూశాడు. "అన్నంత పనీ సేసినావు కదా" అన్నాడు. అంతే. లోపలికి వెళ్ళిపోయాడు.

నేను చెప్పాల్సింది, ఒత్తుగా వస్తుందని చేశాను మావా అని. ఒక్క ముక్క. చెప్పలేదు. ఆయన అలా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు వండి పెట్టిన మనిషిని ఇంత నీచంగా అనుకుంటాడా అనిపించింది. అనుకుంటే అనుకోనీ అని నేనూ మూతి బిగించుకున్నాను. అబద్ధమెందుకు, ఆ గుండులో ఒక పాలు నా కోపం కూడా ఉంది. మిషను కింద జుత్తు లేకుండా కుట్టుకుంటున్న ఆ రోజుల్లో నాకు లోపల్లోపల హాయిగానే ఉంది. అది ఆయన పసిగట్టాడు. అందుకే అంత మండింది.

ఆ రోజు నుంచి మావ నాతో మాట మానేశాడు. అంటే మా ఇంటి పద్ధతిలో మానేశాడు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే కుక్కకి చెప్పేవాడు. "ఒసే, ఆ టైలరమ్మకి సెప్పు, కూరలో ఉప్పు నేదని." నేనేం తక్కువా? నేనూ కుక్కకే చెప్పాను. "ఒసే, మీ నాన్నకి సెప్పు, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని." అది మధ్యలో కూర్చుని ఈ పక్కకోసారి, ఆ పక్కకోసారి తల తిప్పేది. మా ఆయన అన్నం కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. గుంటా అన్న పిలుపు మాత్రం ఎవరి ద్వారానూ రాలేదు.

నేను ధీమాగానే ఉన్నాను. జుత్తు వస్తుంది, వచ్చాక ఆయనే దిగివస్తాడని. నెల గడిచింది. వీపు మీద నూగు లాంటిది వచ్చి ఆగిపోయింది. రెండో నెలకి వీపు మధ్య చర్మం నల్లబడింది. మావ దాన్ని టీ కొట్టుకి తీసుకెళ్తే ఎవరో, "ఏటి మావా, మేకపిల్లని కొన్నావేటి" అన్నారట. ఇక ఆయన దాన్ని బయటికి తీసుకెళ్ళలేదు. దాన్ని వదిలి తనూ వెళ్ళలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే లారీలని చూసేవారు.

అప్పుడు భయం వేసింది నాకు. ఆముదం రాశాను. మందారాకు రుబ్బి పెట్టాను. ఎవరో చెబితే ఉల్లిపాయ రసం కూడా రాశాను. నా తలకి వాడే షాంపూతో రోజు మార్చి రోజు రుద్దాను. అది గోక్కోవడం మొదలుపెట్టింది. వీపు మీద ఎర్రటి మచ్చలు లేచాయి. ఇక లాభం లేదని చంకలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్ళాను. ఆవులూ మేకలూ ఉన్న వరసలో నేనూ, నా బోడి కుక్కా.

డాక్టరు నెమ్మదైన మనిషి. అంతా విని, "ఈ జాతికి రెండు జుత్తులుంటాయమ్మా. లోపల దూదిలాంటిది, పైన పీచులాంటిది. ఆ పై పీచే దానికి గొడుగు. మనం ఎండకని ఆ గొడుగు తీసేశాం" అన్నాడు. మనం అన్నాడు చూడండి, అందుకే ఆయన మీద నాకు గౌరవం.

"మళ్ళీ వస్తాదా సార్?"

"రావచ్చు. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. కొన్నిటికి రానే రాదు. చూద్దాం."

రక్తం తీసి పట్నం పంపించాడు. ఒంట్లో వేరే జబ్బేదీ లేదని తేలింది. నేను రాసినవన్నీ విని మాత్రం తల పట్టుకున్నాడు. ఉల్లిపాయ కుక్కలకి విషం, నాకితే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు. నూనెలు ఆపు, నీ షాంపూ ఆపు, కుక్కల షాంపూతో రెండు వారాలకోసారి నీళ్ళు పొయ్యి, పోశాక మొదళ్ళ దాకా తడి ఆరనీ, ఎండలో తిప్పకు, ఉప్పూ కారం పెట్టకు. ఉడికించిన గుడ్డూ, ముళ్ళు తీసిన చేపా పెట్టు. మెత్తటి దాంతో రోజూ దువ్వు. అన్నిటి కన్నా ముందు, తొందరపడకు. ఆ ఆఖరిది నాకు చేత కాదని ఆయనకి తెలీదు.

ఇంటికొచ్చి చేతనైన పని మొదలుపెట్టాను. పొందూరు ఖద్దరు పాత చీర ఒకటి ఉంటే కత్తిరించి, దానికి చొక్కా కుట్టాను. కొలతలు తీసుకుంటుంటే కుక్క నా ముఖం నాకింది. జాకెట్టు కొలతలప్పుడు ఎవరూ అంత సంతోషంగా నిలబడలేదు. ఆ చొక్కా తొడిగిన రోజు మావ దాన్ని మళ్ళీ సందు చివర దాకా తీసుకెళ్ళాడు. కాని నాతో ఏమీ అనలేదు.

అసలు కష్టం అది కాదు. ఎడమ కంటికి ఆపరేషను రోజు దగ్గర పడింది. మా ఆడపడుచు ఫోన్ చేసింది. మావ అరుగు మీద కూర్చుని నాకు వినపడేలా చెప్పాడు: "నానెక్కడికీ రానమ్మా. నానెల్లొచ్చేసరికి ఈ ఇంట్లో ఏటి మిగుల్తాదో నాకు తెల్దు." నేను మిషను ఆపేశాను. సూది కింద గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆయన ఎడమ కన్ను అప్పటికే మసక. గ్లాసు పక్కన టీ పోసేవాడు. తలుపు రెక్క భుజానికి తగిలించుకునేవాడు. నా మీద నమ్మకం లేక ఆ మనిషి ఒక కన్ను పోగొట్టుకోడానికి సిద్ధపడ్డాడు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. లాభం లేదు. ఈ కుక్కకి జుత్తు వస్తే తప్ప ఆయన కదలడని నాకు అర్థమైంది.

దసరా వెళ్ళాక మా అమ్మ వచ్చింది. విజయనగరంలో సిరిమాను జాతర చూసుకుని, అటునుంచి అటే మా ఇంటికి బస్సెక్కేసింది. అమ్మ పొందూరులో నూలు వడుకుతుంది. చేతులు ఊరికే ఉండవు. వచ్చిన సాయంత్రమే అరుగు మీద కుక్కని ఒళ్ళో పెట్టుకుని, చొక్కా ఎత్తి చూసి, "ఏటే ఇది? ఎవులు సేసినారు?" అంది. మావ ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు, అటు తిరిగి.

"నానే గుండు గీయించినాను. ఒత్తుగా వస్తాదని" అన్నాను.

"గీయిస్తే ఒత్తుగా వస్తాదని నీకెవులు సెప్పినారే?"

"నువ్వే. మూడుపాలీ నువ్వే సెప్పినావు."

అమ్మ నన్ను పైకీ కిందకీ చూసింది. "ఓసి పిచ్చిదానా. నీకు పేలు పట్టి గీయించినాను. నువ్వు రోడ్డంతా దొర్లి ఏడుస్తంటే నోరు మూయించడానికి ఒత్తుగా వస్తాదన్నాను. అది పట్టుకుని కూకున్నావేటి ఇన్నాళ్ళూ? నీ జుత్తు మీ నాన్న తల్లిది. గుండు వల్ల వచ్చినాదేటి?"

ముప్ఫై దాటిన దాన్ని, ఊరందరి కొలతలూ నోటికి చెప్పే దాన్ని, పేల కోసం చెప్పిన ఓ అబద్ధాన్ని పాతికేళ్ళు నెత్తిన పెట్టుకు తిరిగాను. అంతలో పక్క కుర్చీలోంచి చప్పుడు వినిపించింది. మావ నవ్వుతున్నాడు. భుజాలు ఊగిపోయేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "చెల్లెమ్మా, నీ కూతురు నిజంగా అదే నమ్మినాదేటి?" అన్నాడు అమ్మతో.

"దాని ముఖం సూడన్నయ్యా. నమ్మకపోతే అలగుంటాదా?"

నా ముఖం చూశాడు. ఇంకా నవ్వాడు. అయినా నాతో మాట్లాడలేదు. నవ్వడం వేరు, నమ్మడం వేరు కదా.

అమ్మ సంచిలోంచి తన పనిముట్టు తీసింది. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎండిన ఎముక, దాని నిండా వెంట్రుకంత సన్నటి పళ్ళు. అంత సన్నటి దువ్వెన ఏ కంపెనీ వాడూ చెయ్యలేడని అమ్మ నమ్మకం. ముందు తన చేతి మీద గీసుకుని చూసింది, గుచ్చుకోదని తేలాక దాని వీపు మీద, వచ్చీ రాని నూగు మీద, గాలి తగిలినట్టు లాగింది. "దూదైనా ఇదైనా ఒకటే. లాగకూడదు. ఇడదియ్యాలి. సివర్ల నుంచి మొదటికి రావాల" అని నా చేత చేయించింది. స్టీలు దువ్వెన చూస్తే గుర్రుమనే కుక్క, ఆ దవడకి మాత్రం కాళ్ళు చాపుకుని పడుకుంది. ఎన్నేళ్ళ కిందటి చేపో, దానికింకా వాసన వస్తోంది కాబోలు. ముక్కు దాని వెంటే తిరిగేది. ఓసారి లాక్కుని మంచం కిందికి దూరింది కూడా. అమ్మ మంచం కింద బోర్లా పడుకుని దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వెళ్ళేటప్పుడు ఆ దవడ మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది. తన కూతురికి కూడా ఎప్పుడూ ఇవ్వని వస్తువు అది. కుక్కకిచ్చింది.

ఆ తరవాత కొద్ది రోజులకే మావ అరుగు మెట్టు చూసుకోక పడ్డాడు. ఎడమ వేపు మెట్టు ఆయనకి కనిపించలేదు. మోకాలు చెక్కుకుపోయింది. లేపి కూర్చోబెట్టి, నీళ్ళతో కడిగి మందు రాశాను. కుక్క మా ఇద్దరి మధ్యా నిలబడి కుయ్ కుయ్ అంటోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపం కూడా వచ్చింది, నా మీదే. దాని వేపు తిరిగి చెప్పాను.

"ఒసే, మీ నాన్నకి సెప్పు. నాను తప్పు సేసినాను. మంచిగా వస్తాదనే గీయించినాను. కోపం కూడా కొంచెం ఉన్నాది, లేదన్ను. ఆయనకి దువ్వుతానని మాటిచ్చి దువ్వలేదు. అన్నిటి కంటే అదే తప్పు."

మావ వంగి మోకాలు ఊదుకున్నాడు. తరవాత మెల్లగా, "ఒసే, ఆ మందు మండుతున్నాదని సెప్పు" అన్నాడు.

అప్పటికి కార్తీకం వచ్చింది. కార్తీకంలో మా ఇంట్లో నీసు ముట్టరు, మావ మరీ నిష్ఠ. కుక్కకేమో అప్పటిదాకా రోజూ పెరట్లో విడిగా కవళ్ళు ఉడికించి, ముళ్ళు తీసి పెడుతున్నాను. కవళ్ళంటే చిన్న చేపలు, నూనె బాగా ఉంటుంది. ఈ నెల ఎలాగ అని మథనపడుతూ చేపలు ఆపేశాను. రెండో రోజు, తలకి స్నానం చేసి, విభూతి పెట్టుకున్న మావ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో చేపల సంచి. ఎవరైనా చూస్తున్నారేమో అని వీధి వేపు ఓసారి చూసి, పెరటి గట్టు మీద పెట్టేశాడు. "ఒసే, నీకు కార్తీకం నేదు. తిను" అని చేతులు కడుక్కుని పూజకి వెళ్ళిపోయాడు. ఆ నెలంతా చేపలు ఆయనే తెచ్చాడు. శివుడు ఏమనుకున్నాడో కాని నాకు మాత్రం మా మావ మీద ప్రేమ పొంగిపోయింది.

డిసెంబరులో ఒక పొద్దున్న నల్ల జాకెట్టు ఒకటి కత్తిరిస్తున్నాను. గుడ్డ మీద తెల్ల వెంట్రుక. నూగు కాదు, వేలంత పొడుగున్న పైపొర వెంట్రుక, నిగనిగలాడుతోంది. ఒకప్పుడు దాన్ని చూస్తే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ రోజు గుడ్డ గుడ్డంతా అరచేతుల్లో ఎత్తుకుని అరుగు మీదికి పరిగెత్తాను. మావ ముందు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వెంట్రుకని రెండు వేళ్ళతో తీసి, ఎండకేసి పట్టి, ఎడమ కన్ను మూసి చూశాడు. తరవాత కుక్కని ఒళ్ళోకి లాక్కుని, చొక్కా తీసేసి వీపంతా వేళ్ళతో వెతికాడు. మెడ దగ్గర, భుజాల మీద, అక్కడక్కడా పొడుగు వెంట్రుకలు లేస్తున్నాయి. "ఒసే, నీదేనే" అన్నాడు దాంతో.

ఆ తరవాత ఆగలేదు. వీపు మీద నల్లటి మచ్చ కింద నుంచి తెల్లటి దూది వచ్చింది. దూది మీద పీచు వచ్చింది. పొద్దున్న నేను వాలుగ దవడతో, సాయంత్రం మావ స్టీలు దువ్వెనతో. ఫాల్గుణానికి ఖద్దరు చొక్కా పట్టక బొత్తాం ఊడిపోయింది. నడుం దగ్గర మాత్రం చారెడు చోట జుత్తు కాస్త గిరజాలు తిరిగి వచ్చింది, అది ఇప్పటికీ అలాగే ఉంది. మావ దాన్ని టీ కొట్టుకి తీసుకెళ్ళి, గంట ఆలస్యంగా వచ్చాడు. ఎవరో అడిగారట, ఏటి మావా, రీ-పెయింటింగా అని. "అవున్రా. మా ఇంట్లోనే సేసినాం" అన్నాడట. ఈ ముక్క మా ఆయన చెప్పాడు నాకు. మావ చెప్పలేదు.

మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. ఒక రోజు మావ తనే ఆడపడుచుకి ఫోన్ చేసి, ఎడమ కంటికి రోజు అడగమన్నాడు. ఆ వారమే బయల్దేరాడు. బస్టాండుకి నేనూ కుక్కా వెళ్ళాం. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, జేబులోంచి స్టీలు దువ్వెన తీసి కిటికీలోంచి చాపాడు. అందుకున్నాను.

"రెండు పూటలా దువ్వు" అన్నాడు. కుక్కని చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

"దువ్వుతాను మావా."

"నీకు కోపమొస్తే..."

"వస్తే?"

"నాకు ఫోన్ సేసి నన్ను తిట్టు. దాని జోలికెల్లకు, గుంటా."

బస్సు కదిలిపోయింది. నేను ఆ దువ్వెన పట్టుకుని, బస్టాండులో అందరి ముందూ ఏడ్చాను. కుక్క నా చెప్పు మీద కూర్చుంది.

ఆ మూడు వారాలూ పెళ్ళిళ్ళ సీజనే. జాకెట్లు గుట్టలుగానే ఉన్నాయి. ఒక్క పూట మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా పడుకునే దువ్వాను. మావ వచ్చే రోజు స్నానం చేయించి, తడి ఆర్చి, దూది పొర విడదీసి, పీచు పైకి లేపి గుమ్మంలో నిలబెట్టాను. పొద్దుటి ఎండలో దాని ఒళ్ళు వెలిగిపోతోంది.

ఆటో ఆగింది. నల్ల కళ్ళద్దాలతో మావ దిగాడు. అది ఆయన మీదికి ఎగిరింది. "ఉండవే, ఉండు" అని దాని జుత్తులో ఒక చెయ్యి దూర్చి, ఇంకో చేత్తో అద్దాలు తీశాడు. కుడి కన్ను అరచేత్తో మూసుకుని, కొత్త కంటితో తలెత్తి నన్ను చూశాడు. చాలా సేపే చూశాడు. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"ఏటి గుంటా, నీ జుత్తు ఇలగ రాలిపోయినాదేటి? దానికి పెట్టిన గుడ్డు నువ్వొకటి తినకపోనావా?"

నా జడ చేత్తో పట్టుకుని చూసుకున్నాను. నిజమే, సగమైంది. ఏడాదిగా నేను చూసుకోనే లేదు.

మర్నాడు పొద్దున్న మావా, కుక్కా టీ కొట్టు నుంచి వస్తూ రెండు గుడ్లు తెచ్చారు. ఉడకబెట్టాక ఒకటి దానికి పెట్టి, రెండోది నా చేతిలో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడ్డాడు. తిన్నాను.